ప్లెజరు కారు, ఎర్ర బస్సు: గతస్మృతి ప్రదర్శన – దక్షిణ రాయలసీమ అనుభవం

వ్యాససంగ్రహం

మోటారు పందేల పాతకాలాన్ని అప్పటి కార్లతో, అప్పటి దుస్తులతో తిరిగి ప్రదర్శించే ఉత్సవాలు నేడు ప్రపంచంలో పలుచోట్ల జరుగుతున్నాయి. ఇటీవలి తెలుగు ‘పీరియడ్’ చిత్రాలు కూడా గతాన్ని దాదాపు ఇదే పద్ధతిలో, వస్తువుల ఊరేగింపుగా చూపుతున్నాయి. ఇటువంటి ప్రదర్శనలో ఎవరి జ్ఞాపకం అందరి జ్ఞాపకంగా చలామణి అవుతున్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇంగ్లండులోని గుడ్‌వుడ్ ఉత్సవం, మద్రాసు సమీపంలోని షోలవరం పందేలు నేపథ్యంగా ‘మహానటి’, ‘పుష్ప’ చిత్రాలను, నామిని సుబ్రహ్మణ్యం నాయుడు కథాసాహిత్యాన్ని తిరుపతి, చిత్తూరు ప్రాంతాల వాహనానుభవం దృష్ట్యా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: గతస్మృతి, బెంగ, మోటారు పందేలు, షోలవరం, పీరియడ్ చిత్రం, దక్షిణ రాయలసీమ, నామిని.

1. ఉపోద్ఘాతం

‘నాస్టాల్జియా’ మొదట సాహిత్య పదం కాదు, వైద్య పదం. 1688లో యొహన్నెస్ హోఫర్ అనే స్విస్ వైద్యవిద్యార్థి, ఇల్లు విడిచి పరదేశంలో ఉన్నవారికి కలిగే ఒక వ్యాధికి పేరు పెట్టవలసి వచ్చి, ‘ఇల్లు చేరడం’, ‘నొప్పి’ అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలను కలిపి దీన్ని తయారుచేశాడు. అంటే ఆ నొప్పి మొదట స్థలానికి సంబంధించినది. అది కాలానికి సంబంధించినదిగా మారింది తర్వాతి కాలంలోనే. తెలుగు విమర్శలో దీన్ని గతస్మృతి అనీ, గతకాలపు వ్యామోహం అనీ అంటున్నాం. ఈ రెండు సమాసాలకన్నా వాడుకలోని ‘బెంగ’ హోఫర్ ఉద్దేశించిన అర్థానికి దగ్గరగా ఉంటుంది. అత్తవారింటికి వెళ్లిన ఆడపిల్లకు పుట్టింటి మీద బెంగ, హాస్టల్లో చేర్చిన పిల్లవాడికి అమ్మ మీద బెంగ. అయితే బెంగ పెట్టుకున్నవారికి ఒక ఇల్లంటూ ఉండి ఉండాలి. తనకు ఏనాడూ లేని ఇంటి మీద ఎవరైనా బెంగ పెట్టుకోగలరా అన్నది ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్న.

పెట్టుకోగలరనే ఆధునిక సిద్ధాంతకర్తలు చెబుతున్నారు. అర్జున్ అప్పాదురై 1996లో వెలువరించిన గ్రంథంలో, జ్ఞాపకం లేకుండానే కలిగే గతవ్యామోహం గురించి చర్చించాడు. తాము పోగొట్టుకోనిదాన్ని పోగొట్టుకున్నట్టుగా భావింపజేయడం ప్రకటనల, ప్రచార మాధ్యమాల పని అన్నది ఆయన వాదసారాంశం. ఫ్రెడ్రిక్ జేమ్సన్ ‘నాస్టాల్జియా చిత్రం’ అన్న కోటిని ప్రతిపాదించినప్పుడు ముందుగా ఎత్తుకున్న ఉదాహరణ ‘అమెరికన్ గ్రాఫిటీ’ (1973). అది 1962లో ఒక చిన్న పట్టణపు యువకులు కార్లేసుకొని వీధుల్లో తిరిగిన ఒక రాత్రి కథ. కారు తప్ప ఆ చిత్రంలో గతానికి వేరే చిరునామా లేదు. స్వెత్లానా బోయిమ్ (2001) ఈ భావాన్ని రెండుగా విభజించింది: పోయినదాన్ని ఉన్నదున్నట్టు తిరిగి కట్టాలని చూసేది ఒకటి, పోయిందన్న ఎరుకతోనే దాని చుట్టూ ఆలోచించేది మరొకటి. మొదటిదాన్ని పునరుద్ధరణ బెంగ అనీ, రెండవదాన్ని ఆలోచన బెంగ అనీ ఇక్కడ వ్యవహరిస్తాను. ఈ విభజన చక్కనిదే. కానీ పునరుద్ధరించడానికి ఆస్తి ఉన్నవారెవరు, లేనివారెవరు అన్న ప్రశ్న దీనిలో వెనకబడిపోతుంది. పాత వాహనాల ఉత్సవాలను చూస్తే ఆ ప్రశ్నే ముందుకు వస్తుంది.

2. గుడ్‌వుడ్: తేదీ తప్పని గతం

ఇంగ్లండులో ససెక్స్ ప్రాంతంలో రిచ్‌మండ్ డ్యూకుల ఎస్టేటు గుడ్‌వుడ్. రెండవ ప్రపంచయుద్ధకాలంలో అక్కడి పొలాల్లో వెస్ట్‌హామ్‌నెట్ అనే వైమానిక స్థావరం వెలిసింది. యుద్ధం ముగిశాక ఆ స్థావరం చుట్టూ వేసిన దారినే పందెపు బాటగా మార్చి 1948 సెప్టెంబరులో పోటీలు ప్రారంభించారు. కార్ల వేగం ఆ బాటకు మించిపోవడంతో 1966లో పందేలు నిలిపివేశారు. తిరిగి 1998 సెప్టెంబరు 18న, మొదటి పోటీకి సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజున, ‘రివైవల్’ పేరుతో ఉత్సవం మొదలైంది. 1948 – 1966 మధ్యకాలపు తరహా వాహనాలకే అందులో ప్రవేశం. ప్రేక్షకులు కూడా ఆనాటి టోపీలు, కోట్లు, గౌన్లు ధరించి వస్తారు. 

ఈ ఉత్సవంలో మెచ్చుకోదగినది లేకపోలేదు. అద్దాల పెట్టెలో నిలబెట్టిన కారు వేరు, నూనె కారుస్తూ, పొగ చిమ్ముతూ పరుగెత్తే కారు వేరు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాముల 1912 నాటి రోల్స్ రాయిస్ ‘సిల్వర్ ఘోస్ట్’ను చూసినవారికి దాని మెరుపు తెలుస్తుంది గానీ గొంతు తెలియదు. గుడ్‌వుడ్‌లో గొంతు వినిపిస్తుంది. ఆ గొంతును నిలబెట్టడానికి అవసరమైన పనితనం మెకానిక్కుల చేతుల్లో తరం నుంచి తరానికి అందుతున్నది. పుస్తకంలో రాసిపెడితే నిలిచే విద్య కాదది.

అయితే అక్కడ తిరిగి వచ్చినది ఏ కాలం? 1948లో ఇంగ్లండులో పెట్రోలుకు రేషను ఉంది, అది 1950 దాకా సాగింది. ఆహార రేషను 1954 గాని పూర్తిగా తొలగలేదు. ఆ లేమి ఉత్సవంలో అలంకారంగా కనిపించవచ్చు గానీ లేమిగా కనిపించదు. అపాయం సంగతీ అంతే. స్టెర్లింగ్ మాస్ అగ్రశ్రేణి పందేల జీవితం 1962లో ఆ బాట మీద జరిగిన ప్రమాదంతోనే ముగిసింది. బ్రూస్ మెక్‌లారెన్ 1970లో అక్కడే కారును పరీక్షిస్తూ మరణించాడు. ఉత్సవంలో ఈ పేర్లు గౌరవంతో తలుచుకోబడతాయి, కానీ చావు భయం చరిత్రకు సంబంధించిన విషయమైపోతుంది. బాధను తీసివేసి రూపాన్ని మిగిల్చే ఈ పద్ధతినే నేను ‘గతప్రదర్శన’ అంటున్నాను. గతస్మృతి ఒక మనిషిది. గతప్రదర్శనకు నిర్వాహకుడు, స్థలం, టికెట్టు ఉంటాయి.

3. షోలవరం: తిరిగి రాని బాట

గుడ్‌వుడ్‌కు మన పొరుగున ఒక జంట ఉంది. మద్రాసుకు ఉత్తరాన, నెల్లూరు వైపు వెళ్లే రహదారి పక్కన, పొన్నేరి తాలూకాలోని షోలవరంలో రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానాల దారి ఒకటి ఉండేది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాన్ని పందేలకు వాడుకుంది. విమానం కోసం వేసిన తారు మీద కార్లు, మోటారు సైకిళ్లు దశాబ్దాల పాటు పరుగెత్తాయి. కోయంబత్తూరుకు చెందిన కరివర్ధన్, తర్వాత వ్యాపారిగా పేరుపొందిన విజయ్ మాల్యా వంటివారు అక్కడ పోటీ చేశారు. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ప్రత్యేకమైన పందెపు బాట సిద్ధం కావడంతో షోలవరం కథ ముగిసింది. 

రెండు చోట్లా మూలం ఒకటే, యుద్ధం వదిలిపెట్టిన తారు. ఒకటి ఉత్సవమైంది, మరొకటి పాత పందెగాళ్ల కబుర్లలో మిగిలింది. ఈ తేడాను ఇంగ్లండువారికి చరిత్ర మీద శ్రద్ధ ఎక్కువ, మనకు తక్కువ అనే అలవాటు మాటతో వివరించడం తేలిక, కానీ సరైనది కాదు. గుడ్‌వుడ్ ఒక కుటుంబపు ఎస్టేటు. తాత నడిపిన పందేన్ని మనుమడు తన నేల మీద తిరిగి నడపగలిగాడు. షోలవరం బాటకు అటువంటి వారసుడు లేడు. బోయిమ్ చెప్పిన పునరుద్ధరణ బెంగకు మనసు ఒక్కటే చాలదు, పట్టా కూడా కావాలి.

షోలవరం చిత్తూరు జిల్లాకు పరాయిది అనుకోవడానికి కూడా వీలు లేదు. 1960 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన సరిహద్దుల మార్పుతో తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. అందుకు బదులుగా చెంగల్పట్టు జిల్లాలోని పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల గ్రామాలు కొన్ని ఇటు వచ్చి సత్యవేడు తాలూకా అయ్యాయి. పందేలు మొదలైన తొలినాళ్లలో షోలవరమూ ఆ గ్రామాలూ ఒకే జిల్లాలోవి. నేడు అదే సత్యవేడు, వరదయ్యపాళెం పరిసరాల్లో హీరో మోటార్ సైకిళ్లు, అపోలో టైర్లు తయారవుతున్నాయి. పక్కనే శ్రీసిటీలో ఇసుజు వాహనాలు తయారవుతున్నాయి. తిరుపతి శివారు కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు అంతకు ముందునుంచే ఉన్నాయి. వాహనం ఇక్కడి మనుషులకు ఇప్పుడు కూలి, జీతం, షిఫ్టు. పందెం జ్ఞాపకం మాత్రం ఇక్కడివారిది కాదు.

4. ‘మోటారు’ అన్న మాట

భాష ఈ విషయంలో మంచి సాక్షి. చిత్తూరు జిల్లా పల్లెల్లో ‘మోటరు’ అంటే ముందుగా గుర్తుకొచ్చేది కారు కాదు, బావి మీదనో బోరు మీదనో ఉన్న కరెంటు మోటరు. ‘మోటరు కాలిపోయింది’ అన్నమాట ఈ సీమలో ఒక కుటుంబపు ఏడాది లెక్కను తలకిందులు చేసే వార్త. కోస్తా పల్లెను చిత్రించిన ‘రంగస్థలం’ (2018)లో కథానాయకుడు పొలాలకు నీళ్లు తోడే మోటారు నడుపుకొని బతికేవాడు కావడం, తెలుగు పీరియడ్ చిత్రాల్లో అరుదుగా ఎదురయ్యే సరైన పరిశీలన. ఇక సొంత కారును తమిళ సరిహద్దు ఊళ్లలో పాతతరంవారు ‘ప్లెజరు’ అనేవారు. జనం ఎక్కే బండికీ, యజమాని విలాసంగా తిరిగే బండికీ ఉన్న తేడాను ఇంగ్లీషువాడి మాటతోనే గుర్తుపెట్టుకున్నారన్నమాట. ప్లెజరు ఊళ్లోకి వచ్చిందంటే పిల్లలు దాని వెంట పరుగెత్తుతారు. దాని లోపలినుంచి ఊరు ఎలా కనిపిస్తుందో ఆ పిల్లలకు తెలియదు.

వారికి తెలిసినది బస్సు. ఈ ప్రాంతపు మోటారు చరిత్రలో అతి ముఖ్యమైన సంవత్సరంగా 1944ను చెప్పవచ్చు. ఆ ఏడు తిరుమలకు మొదటి కనుమ దారి తెరుచుకుంది. అంతకుముందు కొండకు నడకే దారి, నడవలేనివారికి డోలీ. రెండవ కనుమ దారి 1974లో వచ్చింది. తిరుపతివారి దృష్టిలో మోటారు వేగానికి గుర్తు కాదు, ఎత్తుకు గుర్తు. ఎంత తొందరగా వెళ్లిందన్నది కాదు, మలుపు తిరిగేటప్పుడు లోయ వైపు కూర్చున్నవారు గోవిందనామం ఎంత గట్టిగా అన్నారన్నదే ఆ ప్రయాణానికి కొలత. పందెంలో ఒకడు ముందు వస్తాడు, మిగిలినవారు వెనకబడతారు. కొండ బస్సులో ఎక్కినవారంతా ఒకేసారి చేరతారు. మోటారు ఆధునికతను గురించి రాసేవారు సాధారణంగా మొదటి అనుభవాన్నే నమూనాగా తీసుకుంటారు.

1944 యుద్ధకాలం కూడా. షోలవరానికి తారు ఇచ్చిన యుద్ధమే పెట్రోలుకు కరువు తెచ్చి మద్రాసు రాజధానిలో ‘బొగ్గు బస్సు’ను పుట్టించింది. బస్సు వెనక గుండ్రటి పొయ్యి, అందులో కట్టెబొగ్గు, దాన్ని రాజేయడానికి చేత్తో తిప్పే పంకా. తిప్పేది క్లీనరు. బండి కదలడానికి ముందు ఆ కుర్రవాడు మసిబారిపోయి ఉండేవాడు. ఎత్తు ఎక్కలేకపోతే ప్రయాణికులు దిగి తోసేవారు. పెద్దల నోట ఈ సంగతి విన్నప్పుడల్లా నవ్వు వస్తుంది, వారికీ నవ్వే వస్తుంది. పాత వాహనాల ప్రదర్శనల్లో ముందుగా చోటు దొరికేది ప్లెజరుకే. బొగ్గు బస్సును కొని దాచుకున్న సంస్థానాధీశుడు లేడు. అది ఎవరికీ సొంతం కాదు గనుక, అరిగేదాకా తిరిగి ఇనుప సామానుకు పోయింది. 1958 జనవరి 11న ఏర్పడిన ఆర్టీసీ ఎర్ర బస్సులకూ మొన్నమొన్నటిదాకా అదే గతి. పాత వాహనం నిలవాలంటే దాన్ని వాడకుండా ఉంచగలిగినవారు ఉండాలి. వాడుకలో అరిగిపోయినవాటికి ప్రదర్శనశాల దొరకదు. ఇది కార్లకే కాదు, మాండలికాలకు కూడా వర్తించే విషయం.

5. ‘మహానటి’: రెండు రకాల బెంగ

నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 2018 మే 9న విడుదలైన ‘మహానటి’ తెలుగు పీరియడ్ చిత్రాలకు ఒక ప్రమాణమైంది. ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటి (కీర్తి సురేశ్), ఉత్తమ దుస్తుల రూపకల్పన విభాగాల్లో జాతీయ పురస్కారాలు పొందింది. మూడవ పురస్కారం మన చర్చకు ముఖ్యం. తన కథకు తగిన వస్త్రాన్ని, వస్తువును, వీధిని, వాహనాన్ని ఇంత శ్రద్ధతో పేర్చుకున్న తెలుగు చిత్రాలు తక్కువ. 

ఈ చిత్రంలో గుడ్‌వుడ్ పద్ధతి స్పష్టంగా కనిపించేది మద్రాసు వీధుల్లో. మెరిసే కార్లు, ఇస్త్రీ చలవ చెదరని దుస్తులు, దుమ్ము లేని దారులు. 1950ల మద్రాసు నిజంగా ఇంత కొత్తగా ఉందా? ఆనాటి కార్లలో చాలా భాగం అప్పటికే పాతవి. దిగుమతి ఆంక్షలున్న దేశంలో మనుషులు బండిని అతుకులేసి నడుపుకున్నారు. ఆ కాలపు వస్తువులన్నీ ఆ కాలంలో కొత్తవే అన్న భ్రమ పీరియడ్ చిత్రాలకు సహజంగా అంటుకునే జబ్బు. సావిత్రికి కార్ల మీద ఉన్న మక్కువ ఆమెను గురించి రాసినవారంతా చెప్పిన విషయమే. ఒక స్త్రీ, అందునా గుంటూరు జిల్లా పల్లెనుంచి వచ్చిన స్త్రీ, ఆ రోజుల్లో చక్రం పట్టడం చిన్న సంగతి కాదు. ఆ మక్కువలోని స్వేచ్ఛను విప్పి చూపే అవకాశం చిత్రానికి ఉంది. కానీ వాహనం ఇక్కడ ఆమె చేతిలోని పనిముట్టు అయ్యేకన్నా ఆమె వైభవానికి కొలమానం అయ్యేదే ఎక్కువ. సంపద వచ్చిందనడానికి కార్లు, ఆదాయపు పన్ను దాడి తర్వాత సంపద పోయిందనడానికి అవి లేని ముంగిలి. 1968లో ‘చిన్నారి పాపలు’కు దర్శకత్వం వహించిన మనిషి కథలో ఈ లెక్క కొంత అన్యాయమే.

అయినా ఈ చిత్రాన్ని గతప్రదర్శన అని తీసిపారేయలేం. కారణం దాని చట్రం. 1981లో మధురవాణి అనే నత్తి ఉన్న యువ పాత్రికేయురాలు, కోమాలో ఉన్న నటి కథను వెతుక్కుంటూ వెళ్తుంది. ఆమెకు దొరికేవి ఇతరుల మాటలు, ఇతరుల చూపులు. ఆసుపత్రి మంచం మీద మాట లేని సావిత్రి, వార్తాపత్రిక కార్యాలయంలో మాట తడబడే మధురవాణి అన్న పోలికతో, గతం తనంత తాను మాట్లాడదన్న ఎరుకను చిత్రం నిలబెట్టుకుంది. బోయిమ్ చెప్పిన ఆలోచన బెంగ ఇదే. కాబట్టి ఈ చిత్రంలో వీధులు పునరుద్ధరణ బెంగతోనూ, చట్రం ఆలోచన బెంగతోనూ నడుస్తాయి. రెండూ ఒకదానితో ఒకటి రాజీపడలేదు. ప్రేక్షకులు వీధులను ఎక్కువగా గుర్తుపెట్టుకున్నారన్నది నా అభిప్రాయం.

మరొక సంగతి కూడా ఇందులో కలిసి ఉంది. తెలుగువారికి మద్రాసు పోగొట్టుకున్న నగరం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, మద్రాసు రాలేదు. మద్రాసు మీద తెలుగు సినిమా చూపే మమకారంలో ఆ నష్టం నీడ ఉంటుంది. కానీ ఈ బెంగ కూడా అందరిదీ ఒకటి కాదు. చిత్తూరువారికి మద్రాసు పోలేదు. నగరి, పుత్తూరు, సత్యవేడు జనం ఆసుపత్రికీ, బట్టలకూ, పనికీ నిన్నా మొన్నా వెళ్తూనే ఉన్నారు. ఒకరికి స్వర్ణయుగమైన ఊరు మరొకరికి మూడు గంటల బస్సు ప్రయాణం.

6. ‘పుష్ప’: వెనక్కి జరిపిన కాలం

సుకుమార్ దర్శకత్వంలో 2021 డిసెంబరు 17న వచ్చిన ‘పుష్ప’ శేషాచలం అడవులను, చిత్తూరు యాసను దేశమంతటికీ వినిపించింది. ఇందులో ప్లెజరు కన్నా లారీలకు, జీపులకు, పాల ట్యాంకరుకు ప్రాధాన్యం. ట్యాంకరు అడుగున దుంగలు దాచి పైన పాలు పోసే ఉపాయంలో, ఈ సీమలో వాహనం అంటే దేన్నో మోసేది అన్న అవగాహన ఉంది. కూలీగా లారీకి దుంగలెత్తినవాడు లారీలకు యజమాని కావడమే కథ. యాస విషయంలో స్థానికులకు అభ్యంతరాలున్నా, ‘మహానటి’ వీధికన్నా ఈ చిత్రపు దారి మనకు తెలిసినదిగా తోస్తుంది.

అయితే ఈ కథను కొన్ని దశాబ్దాలు వెనక్కి జరపడం వల్ల ఏం జరిగింది? 2015 ఏప్రిల్ 7న అవే శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది మరణించారు. వారు తమిళనాడు కొండప్రాంతాల నుంచి ఎర్రచందనం నరకడానికి కూలికి వచ్చినవారని అప్పటి కథనాలు. మృతుల్లో కొందరిని ముందురోజు బస్సులోనుంచి దించి తీసుకెళ్లారన్న సాక్షుల ఆరోపణ జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందుకు వెళ్లింది. అంటే ఈ అడవి కథలో లారీకి ముందు ఒక బస్సు ఉంది. ‘పుష్ప’ ఆ బస్సును చూపవలసిన బాధ్యత కలది అని నేననడం లేదు. చిత్రం నివేదిక కాదు. కానీ పాత ఫోను, పాత లారీ, పాత చొక్కా కలిసి ప్రేక్షకునికి ఒక దూరాన్ని అమర్చిపెడతాయి. ఆ దూరం నుంచి కూలీ చావు గడిచిపోయిన కాలపు మోటుతనంలా కనిపిస్తుంది. ఇక్కడ పీరియడ్ అన్నది అలంకారం కాదు, ఒక రకమైన భద్రత. గుడ్‌వుడ్‌లో చావు భయం చరిత్ర అయినట్టే ఇక్కడ నడుస్తున్న హింస చరిత్ర అయింది. మొదటిది నిజంగా గడిచిపోయింది, రెండవది గడవలేదు. విమర్శకుడు ఈ రెండింటికీ ఒకే పేరు పెట్టకూడదు.

7. నామిని కథలు నాస్టాల్జియానా?

తరగతి గదుల్లో, పరిశోధనపత్రాల్లో తరచు వినిపించే ఒక వర్గీకరణకు ఇప్పుడు రావాలి. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’, ‘సినబ్బ కథలు’, ‘మిట్టూరోడి కథలు’ బాల్యస్మృతుల సాహిత్యం కింద, అక్కడినుంచి ‘నాస్టాల్జియా కథలు’ కింద చేరిపోతున్నాయి. తర్వాత ఆ తరహాలో వచ్చిన ఇతర ప్రాంతాల బాల్యకథలతో కలిపి వీటిని ఒక పాయగా చూపడం వల్ల ఈ పని సులభమైంది. పల్లె, బాల్యం, యాస, ఉత్తమపురుష కథనం ఉన్నాయి కాబట్టి నాస్టాల్జియా అనడం, పాత కారు కనిపించింది కాబట్టి స్వర్ణయుగం అనడం లాంటిది.

నామిని బాల్యంలో తిరిగి వెళ్లాలనిపించే ఇల్లు ఉందా? ఆప్యాయత ఉంది, తిండి దొరికిన పూట సంబరం ఉంది, అమ్మానాయనల కొట్లాటల్లో కూడా నవ్వు ఉంది. వాటి కిందనే అప్పు ఉంది, ఎండిన చేను ఉంది, కష్టానికి తగని కూలి ఉంది. పిల్లవాని గొంతు వీటిని వేరువేరుగా చెప్పదు. ఒకే వాక్యంలో నవ్వూ ఆకలీ వస్తాయి. గతప్రదర్శన చేసే పని బాధను తీసి రూపాన్ని మిగల్చడం అయితే, నామిని వాక్యంలో అలా విడదీయడం కుదరదు. యాసను ప్రమాణభాషలోకి మార్చి చూస్తే ఇది తెలుస్తుంది. సంఘటన మిగులుతుంది, నవ్వు పోతుంది, నవ్వు పోగానే ఆకలి వట్టి సమాచారం అవుతుంది. ఈ గద్యంలో యాస కాలాన్ని గుర్తుచేసే పాత దుస్తు కాదు. ఆ యాస మాట్లాడేవారు ఇప్పుడూ ఉన్నారు. నామిని తర్వాతి నవల ‘మూలింటామె’ (2014)లో ఈ లోకానికి ఉన్న కర్కశత్వం మరింత బట్టబయలైంది. ఆ నవలను చదివి వెనక్కి వచ్చినవారికి తొలి కథల్లోని వెలుగు ఎంత నీడ మీద నిలిచిందో అర్థమవుతుంది.

రేమండ్ విలియమ్స్ ‘ది కంట్రీ అండ్ ది సిటీ’ (1973)లో, ప్రతి తరమూ మంచికాలం తనకు కొంచెం ముందే ముగిసిందని చెప్పుకోవడాన్ని వెనక్కి నడిచే ఎస్కలేటరుతో పోల్చాడు. మధురాంతకం రాజారాం కథల్లోని పల్లె కూడా కొన్నిచోట్ల ఆ మెట్ల మీద నిలబడుతుందని ఒప్పుకోవాలి. దామలచెరువు ఉపాధ్యాయుని సౌమ్యదృష్టిలో చిత్తూరు పల్లె మర్యాద తప్పని మనుషుల ఊరుగా కనిపించే సందర్భాలున్నాయి. కానీ నామిని పిల్లవాడు ఆ ఎస్కలేటరు ఎక్కలేదు. అతని కథల్లో ముగిసిపోయిన మంచికాలం లేదు, ఉన్నది కష్టకాలంలో మంచి మనుషులు. ఈ తేడాను చెరిపేసి నాస్టాల్జియా అని రాసినప్పుడు మనం ఆ కథలను పాత వాహనాల వరుసలో నిలబెట్టినట్టే. చూసి ముచ్చటపడవచ్చు, జవాబు చెప్పనక్కర్లేదు.

ఇందుకు విరుగుడుగా కొత్త సిద్ధాంతం అవసరమనుకోను. ఉన్న పద్ధతులే పనికివస్తాయి. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయపదాలతో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం, పనిచేసేవారి నోటినుంచి పనిని రాబట్టే మార్గాన్ని చూపింది. ఆ మార్గంలో చిత్తూరు, మదనపల్లె, పుత్తూరు, శ్రీకాళహస్తి బస్టాండ్లలో, లారీ షెడ్లలో తిరిగితే బస్సుకూ లారీకీ సంబంధించిన మాట ఇంకా దొరుకుతుంది. టాపు మీద మనుషులు, స్టెప్నీ మీద మూటలు, హోల్డానుకూ రైట్ రైట్‌కూ మధ్య కండక్టరు తమిళంలోకీ తెలుగులోకీ మారే తీరు, కనుమ దిగేటప్పుడు డ్రైవరు గేరును ఏమని తిట్టేవాడో ఆ తిట్టు. కొండ దారిలో దశాబ్దాలు బస్సు నడిపి విశ్రాంతి తీసుకుంటున్నవారు తిరుపతిలో వీధికొకరున్నారు. చాలామంది ఎనభై దాటినవారు.